చెడు కబురు రాని ఇల్లు

గుండె నడిపే మనిషి ఉన్న ఇంట్లో చెడు కబురు చెప్పకూడదు. ఇది కాగితం మీద రాసుకున్న రూలు కాదు. ఆ పనితోపాటే పుట్టి, ఆ పని చేసేవాళ్ళ ఇళ్ళల్లో వేళ్ళూనుకుపోయిన అలవాటు. వీధిలో ఎవరైనా పోతే ఆ ఇంటికి మాత్రం ఊరెళ్ళారని కబురు వస్తుంది. పెళ్ళి చెడిపోతే వాయిదా పడిందంటారు. పిల్లాడు పరీక్ష తప్పితే ఫలితాలింకా రాలేదంటారు. అవతల కొంపలు మునుగుతున్నా సరే, ఇవతల ఆ మనిషి కడుపులో చల్ల కదలకూడదు.

నడకమ్మది అలాంటి ఇల్లు. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గాని, పొద్దస్తమానం వీధుల వెంట నడుస్తూనే కనబడుతుంది కాబట్టి పేటంతా నడకమ్మ అని పిలిచి పిలిచి అసలు పేరు మరిచిపోయింది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు, పాపం ఈవిడకు షుగరు కాబోలు అనుకునేవారు.

ఆమె పని ఇదీ. ఊరి చివర ఆసుపత్రివాళ్ళ గుండెల గది ఒకటుంది. జబ్బుచేసిన మనిషి ఒంట్లోంచి చిటికెడు కణాలు తీసి, గాజు పాత్రలో గోరువెచ్చటి ద్రవంలో వేసి, అక్కడ కొత్త గుండెను పెంచుతారు. పెరిగిన గుండె చూడ్డానికి లోటు లేకుండా ఉంటుంది. కానీ దానికి కొట్టుకోవడం వచ్చు, బతకడం రాదు. పొద్దున్నా రాత్రీ ఒకే లెక్కన కొట్టుకుంటుంది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఒంట్లో పెడితే ఆ మనిషి నాలుగు మెట్లెక్కగానే కళ్ళు తిరిగి పడిపోతాడు, మెట్లెక్కుతున్నట్టు గుండెకు తెలియదు కాబట్టి. అందుకని నేర్పాలి. నేర్పడానికి బతికున్న మనిషి కావాలి. నడకమ్మ ఛాతీకి ఒక పట్టీ కట్టుకుని తన మానాన తాను తిరుగుతుంటే, ఆమె గుండె ఎలా కొట్టుకుంటే గదిలో గుండె అలా కొట్టుకుంటుంది. ఆమె కూరల సంచీ మోస్తే అదీ మోస్తుంది. ఆమె కునుకు తీస్తే అదీ నెమ్మదిస్తుంది. దీన్నే లంకె అంటారు. కొన్నాళ్ళు అలా నడిచాక ఆ గుండె సొంతంగా నడవడం నేర్చుకుంటుంది, అప్పుడు తీసి మనిషికి పెడతారు. ఎవరికి పెడతారో నడిపినవాళ్ళకు చెప్పరు.

మొదటి రోజుల్లో, నడిపే మనిషి ఒకడు కళ్ళముందే కొడుకు బండి కింద పడటం చూశాడట. ఇక్కడ అతను కేక పెట్టగానే అక్కడ పాత్రలో లేత గుండె ఎగిరెగిరిపడి, వణికి, ఆగిపోయిందట. కొడుకు బతికాడు గాని గుండె కోసం ఎదురుచూస్తున్న మనిషి బతకలేదు. అప్పటి నుంచే ఈ దాపరికాలు మొదలయ్యాయి. ఎవరూ ఆజ్ఞ వేయలేదు. ఇళ్ళల్లోవాళ్ళే భయపడి నోళ్ళు కుట్టుకున్నారు.

ఈ పనిలోకి రాకముందు నడకమ్మది పెద్ద నోరు. కుళాయి దగ్గర ఆమెతో పెట్టుకుని గెలిచిన మనిషి లేదు. ఏడుపూ అంతే, దాచుకోవడం తెలియదు. పెళ్ళిచూపుల్లో నవ్వి, అప్పగింతల్లో ఏడ్చి, తర్వాత టాక్సీలో భర్తతో పోట్లాడిన మనిషి. భర్త టైల్స్ మేస్త్రీ. మాట గడప దాటని మనిషి. ఆ నోరు చూసి మొదట హడలిపోయాడు గాని, తర్వాత అలవాటై, అదే ముద్దయింది. ఈ పనిలో చేరాక ఆ నోరు మెల్లమెల్లగా సన్నగిల్లింది. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటోందే మీ ఆవిడ అని ఎవరైనా అంటే, మేస్త్రీ మెచ్చుకున్నారో జాలిపడ్డారో తేల్చుకోలేక తలూపేవాడు.

ఆమె తండ్రి లిఫ్టు మెకానిక్కు. ఊరంతటికీ లిఫ్టులు బాగుచేసి, చివరికి లిఫ్టు లేని మేడలో నాలుగో అంతస్తులో కాపురం పెట్టాడు. "వైద్యుడి ఇంట్లోనే రోగం ఎక్కువ" అని తనమీద తనే వేసుకునేవాడు. పెళ్ళికాని కొడుకు, అంటే నడకమ్మ తమ్ముడు, ఆయనతోనే ఉండి ఇంట్లోనే ఫోన్లు బాగుచేస్తుంటాడు. నడకమ్మ రోజూ మధ్యాహ్నం నాన్న ఇంటికి వెళ్తుంది. మెట్లెక్కించడానికి గుండెకు అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? కూతురు రొప్పుతూ పైకి రాగానే ఆయన ఆమెను పలకరించడు. పట్టీనే పలకరిస్తాడు.

"ఏం కొత్త కోడలా, ఎక్కావా మెట్లు? మా అమ్మాయి నిన్ను మరీ అరగదీస్తోందా?"

తర్వాత కూతుర్ని రెచ్చగొట్టే పని పెట్టుకుంటాడు. నీ టీ నీళ్ళలా ఉందంటాడు. నీ మొగుడు వేసిన టైల్స్ వంకరంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

"ఒక్కసారి తిట్టవే నన్ను," అన్నాడు ఒకసారి. "నువ్వు తిట్టి ఎన్నాళ్ళయిందో. ఇల్లు బోసిగా ఉంది."

"ఇది ఒప్పజెప్పాక తిడతాలే నాన్నా," అంది నడకమ్మ.

ఒకటి ఒప్పజెప్పగానే ఇంకొకటి వచ్చేది. తిట్లు అలా బాకీ పడిపోయాయి.

ఇప్పుడు నడుపుతున్న గుండె చదువు పూర్తి కావస్తోంది. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె నాలుగంతస్తులూ ఎక్కేసరికి తలుపు మూసి ఉంది. తట్టింది. "నాన్నా" అని పిలిచింది. తమ్ముణ్ణి పిలిచింది. అలికిడి లేదు. క్షవరానికి వెళ్ళి ఉంటారనుకుని, ఆయాసం తీరేదాకా నిలబడి, ఎప్పటిలాగే తొందరపడకుండా దిగి వచ్చేసింది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"నాన్న పెద్దత్త వాళ్ళ ఊరెళ్ళాడక్కా. గాలి మార్పుకి. కొన్నాళ్ళుంటాడట."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆ విద్య తమ్ముడికి రాదు. పెద్దత్తకూ నాన్నకూ ఉప్పూ నిప్పూ. ఆమె చేతి మంచినీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. అలాంటి మనిషి గాలి మార్పుకి ఆవిడ గాలి పీల్చడానికి వెళ్ళాడంటే ఎవరు నమ్ముతారు? నడకమ్మ "అలాగా, మంచిదేలే" అంది. తమ్ముడు నవ్వాడు. నవ్వాల్సిన మాట అక్కడేమీ లేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ మరీ మంచివాళ్ళయిపోయారు. మేస్త్రీ పనికి వెళ్ళే ముందు ఆమె చెప్పులు కడిగి గుమ్మంలో పెట్టేవాడు. సిమెంటు చేతులతో వచ్చి నేరుగా మంచినీళ్ళ కుండ ముట్టుకున్నందుకు తనే తన్ను తిట్టుకునేవాడు. తమ్ముడు రోజూ ఫోన్ చేసి, పెద్దత్త ఇంట్లో నాన్న ఎంత హాయిగా ఉన్నాడో వర్ణించేవాడు. అక్కడి కిటికీలోంచి ఏం కనబడుతుందో కూడా చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు సన్నబడేది.

ఏదో ఉందని నడకమ్మకు తెలుసు. ఇది దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. నాన్నకే ఏదో అయిందని కూడా తెలుసు. ఆమె అడగలేదు. అడిగితే చెబుతారు. చెబితే పాత్రలో గుండె ఏమవుతుందో? ఆ గుండె ఇద్దరు పిల్లల తల్లిదని గదిలో ఎవరో నోరు జారి అనగా విన్నది. ఆ తల్లి అక్కడ రోజులు ఈదుతోంది. అందుకని అడగలేదు అని తనకు తాను చెప్పుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆమే, మేస్త్రీ, తమ్ముడూ మూడు వైపులా కళ్ళు మూసుకున్నారు.

మెట్ల కోసం రైలు వంతెన ఎక్కి దిగడం మొదలుపెట్టింది. కానీ ఒక రోజు పరధ్యానంలో కాళ్ళు పాత దారి పట్టాయి. చూసుకునేసరికి నాన్న మేడ ముందుంది. కింద గదిలో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి తల బయటపెట్టింది.

"నాన్నగారికెలా ఉందమ్మా? ఆ రోజు స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగలేదు. పాపం కుర్చీలో కూర్చోబెట్టి దించారు. మాట ఏమైనా వచ్చిందా?"

"పర్వాలేదండీ, నెమ్మదిగానే ఉంది," అంది నడకమ్మ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. ఇంట్లోవాళ్ళను అనడమెందుకు? ఏ ఆసుపత్రని కూడా తనే ఉపాయంగా, ఏమీ తెలియనట్టు కాకుండా అన్నీ తెలిసినట్టు మాట కలిపి రాబట్టింది. పెద్దాసుపత్రి. అక్కడి నుంచి అది కుడివైపు. గుండెల గది ఎడమవైపు.

ఎడమవైపే నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తకూడదు కదా. శ్వాస లెక్కపెట్టుకుంటూ, దారిలో ఎదురైనవాళ్ళకు తలూపుతూ, రోజూ నడిచే నడకే నడిచింది. పాత్రలో గుండె కదలకుండా ముందు దాన్ని పదిలం చేసి, ఆ తర్వాత నాన్న దగ్గరకు వెళ్దామనుకుంది. ఆమె స్థానంలో ఇంకెవరున్నా చెప్పులు వదిలేసి కుడివైపు పరుగెత్తేవాళ్ళు.

గుండెల గదిని చూసుకునే ఇంజనీరమ్మ వయసులో చిన్నది. ఎప్పుడూ తెల్ల కోటు జేబులో చేతులు పెట్టుకుని పాత్రల మధ్య తిరుగుతుంటుంది. నడకమ్మ చెప్పిందంతా విని తెల్లబోయింది.

"మీ నాన్నగారు అక్కడుంటే ఇక్కడికెందుకొచ్చారక్కా?"

"లంకె ఉంది కదమ్మా. నేనక్కడికెళ్తే ఇది అదిరిపోదూ?"

"లంకె తెంపడం ఎంతసేపు? ఇదిగో, ఈ మీట నొక్కితే చాలు. మీ నిన్నటి నడక దాచే ఉంటుంది, ఒకటి రెండు రోజులు దాన్నే దీనికి వినిపిస్తాం. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఈ సదుపాయం ఎప్పటి నుంచో ఉంది."

"మాకెవరూ చెప్పలేదే!"

"మీరెవరూ అడగలేదు. మీ ఇళ్ళల్లో ఏమేం దాచుకుంటున్నారో మాకేం తెలుసక్కా? మీ వాళ్ళంతా చాలా ప్రశాంతమైన మనుషులనుకున్నాం."

ఏళ్ళ తరబడి ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని చావులు ఊరెళ్ళిపోయాయో! ఒక్క మీట నొక్కితే ఏదీ దాచాల్సిన పనుండేది కాదు. నడకమ్మకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. తెలియకపోవడమే ఆమెకు వింతగా అనిపించింది.

ఇంజనీరమ్మ మీట మీద వేలు పెట్టి ఆగింది.

"అక్కా, ఒక మాట. ఇది అడిగే హక్కు నాకు లేదు. అడిగితే మీరు నా మొహాన ఉమ్మేసినా తప్పులేదు." రెండో చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. "మీరు ఇదివరకు నడిపిన గుండెల్లో ఒకటి ఒక పెద్దాయనకు పెట్టాం. చాలా బాగా పనిచేసింది. ఈ మధ్య ఆయన భార్య పోయారు. ఆ కబురు వినగానే గుండె పైకి లేచింది. దిగడం దానికి తెలియలేదు. ఆయన కూడా ఆ పూటే పోయారు."

నడకమ్మ ఛాతీ మీద పట్టీని తడుముకుంది.

"మీ తప్పు కాదు. మేమే ఆలోచించలేదు. మెట్లు నేర్పించాం, బరువులు నేర్పించాం. దుఃఖం ఎక్కి దిగడం ఎవరం నేర్పించలేదు. ఈ లంకె ఇలాగే ఉంచి మీరు వెళ్ళగలిగితే..." పాత్రలో గుండె వైపు చూసింది. "నా చెయ్యి మీట మీదే ఉంటుంది. అదుపు తప్పితే తెంపేస్తాను. కానీ ఒక్కోసారి అంతలోనే పోవచ్చు. పోతే మాత్రం ఆ తల్లికి ఇంకోటి పెంచేదాకా వ్యవధి లేదు. రెండు వైపులా నుయ్యే."

"ఉంచెయ్యమ్మా," అంది నడకమ్మ. "పిల్లల తల్లి. ఏ కబురూ రాని బతుకు ఆవిడకు మాత్రం ఎక్కడుంటుంది?"

టాక్సీలో పెద్దాసుపత్రికి వెళ్ళింది. వరండాలో బల్ల మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. అక్కను చూడగానే లేచి, అలవాటు కొద్దీ నవ్వాడు. నవ్వు మొహం మీద ఉండగానే మొహం ముక్కలైపోయింది.

"ఇందాకే పోయాడక్కా."

ఆమె శ్వాస లెక్కపెట్టుకుంటూ ఎడమవైపు నడుస్తున్న వేళకి నాన్న పోయాడు.

లోపలికి వెళ్ళి నాన్న నుదుటి మీద చెయ్యి వేసింది. మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. గడ్డం పెరిగి ఉంది. దుప్పటి సరిచేసింది. ఏడుపు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. గొంతులో ఏదో కదిలి, దానంతటదే సర్దుకుంది. ఎక్కడ సంతకం పెట్టాలని నర్సును అడిగింది. బండి మాట్లాడింది. మేస్త్రీ పరుగెత్తుకుంటూ వచ్చి, పట్టీ వైపోసారి, ఆమె మొహం వైపోసారి చూసి, ఏం చేయాలో తోచక నిలబడితే, "తాళాలు తెచ్చారా?" అని అడిగింది.

నలుగురూ వచ్చారు. చేయవలసినవన్నీ జరిగాయి. ఎంత నిబ్బరం అన్నారు ఎదురుగా. కన్న తండ్రి పోతే కంట తడి లేదు, గుండె కాదు బండరాయి అన్నారు వెనక. రెండూ ఆమె చెవిన పడ్డాయి.

నాలుగు రోజులయ్యాక గుండెల గదికి వెళ్ళింది. ఇంజనీరమ్మ తెర మీద ఆ రోజు గీతను చూపించింది. వరండా, మంచం, శ్మశానం అన్నీ ఆ గీతలోనే ఉన్నాయి. మేస్త్రీ వేసిన గచ్చులా ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా ఉంది.

"ఎక్కడా తొణకలేదక్కా," అంది ఇంజనీరమ్మ. ఆ గొంతులో ఉన్నది మెప్పు కాదు. "గుండె పదిలంగానే ఉంది. ఎల్లుండి పొద్దున ఆవిడకు పెట్టేస్తారు. లంకె రేపు సాయంత్రం దాకా ఉంచుతాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇన్నేళ్ళూ తను గుండెలకు నేర్పుతున్నాననుకుంది. పాత్రలో గుండెకు తగ్గట్టు తన గుండెనే కత్తిరించుకుంటూ వచ్చిందని ఆ గీత చూశాక తెలిసింది. నాన్న పోతే ఏడవలేని మనిషి ఏం మనిషి? ఈ బండరాయి నడిపిన గుండెను పట్టుకెళ్ళి ఆ తల్లి ఒంట్లో పెడతారు. రేపు ఆవిడ బతుకులో ఏ పిడుగో పడితే ఆ గుండె ఎక్కి దిగలేక ఆగిపోతుంది, పిల్లలు చూస్తుండగా. నడకమ్మకు భయం వేసింది. ఆ భయం కూడా పలచగానే వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్తను, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తమ్ముడు ఒక్కడూ ఆ ఇంట్లో ఉండలేక వీళ్ళ దగ్గరే ఉంటున్నాడు. పట్టీ ఆమె ఒంటి మీదే ఉంది.

"చెప్పండి," అంది.

"ఏమిటే?" అన్నాడు మేస్త్రీ.

"నాకు చెప్పనివన్నీ. మొదటి నుంచీ."

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మేస్త్రీ గోరు కింద సిమెంటు గీక్కుంటూ, చిన్నదని తోచినదానితో మొదలుపెట్టాడు.

"వీధి చివర టీ కొట్టాయన ఊరెళ్ళలేదు. పోయాడు."

"ఇంకా?"

"నీతో బళ్ళో చదువుకున్నావిడ. ఉత్తరాలు రాయడం మానేసిందని నువ్వు కోప్పడ్డావే. ఆవిడా..." ఆగాడు. "ఇంకోటి. నేను ఒకసారి పరంజా మీంచి పడ్డాను. పక్కటెముకలు విరిగాయి. పొరుగూళ్ళో పనుందని చెప్పి తోటి మేస్త్రీ గదిలో పడుకున్నాను."

నడకమ్మ ఆయన పక్కల వైపు చూసింది. ఏళ్ళుగా ఆ పక్కనే పడుకుంటోంది.

"పోయుంటే? ఏం చెప్పేవాళ్ళు నాకు?"

తమ్ముడు తల దించుకున్నాడు. "దూరపు కాంట్రాక్టు దొరికిందని చెబుదామనుకున్నాం."

మేస్త్రీ ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది. అది అక్కడే ఆగిపోయింది. తమ్ముడు తన సంగతి చెప్పాడు. కుదిరిన తన పెళ్ళి వాయిదా పడిందన్నది అబద్ధం, ఆ అమ్మాయే వద్దని వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పుకోలేక నాన్న పక్కన కూర్చుని ఏడ్చాడు. నడకమ్మ చెయ్యి చాపి వాడి మోకాలి మీద వేసింది. అయినా ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"అయిపోయాయా?"

తమ్ముడు బావ వైపు చూశాడు. మేస్త్రీ వాడి వైపు చూసి, వద్దన్నట్టు తలూపబోయి, మానుకున్నాడు.

"ఆ రోజు నువ్వొస్తే తలుపు మూసి ఉంది కదక్కా. మేం లోపలే ఉన్నాం."

"లోపలా?"

"నాన్న అప్పుడే పడిపోయాడు. మంచానికీ తలుపుకీ మధ్య. ఒక పక్క చచ్చుబడిపోయింది. నేను లేపబోతుంటే నువ్వు తలుపు కొట్టావు. నేను అక్కా అనబోయాను. నాన్న బాగున్న చేత్తో నా నోరు మూసేశాడు. గట్టిగా. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. నువ్వు నాన్నా అని పిలుస్తుంటే వింటూ పడుకున్నాడు. నువ్వు దిగి వెళ్ళి, కింద గేటు చప్పుడయ్యేదాకా చెయ్యి తీయలేదు. అప్పుడు ఏడ్చాడక్కా."

నడకమ్మ వాడి మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఆంబులెన్సుకి కూడా వెంటనే చేయలేదు. సైరన్ వింటే నువ్వు వెనక్కి తిరుగుతావని. కిటికీలోంచి చూశాను. నువ్వు వీధి మలుపు తిరిగేదాకా ఆగి చేశాను. నువ్వు నెమ్మదిగా నడుస్తున్నావక్కా. ఎంతో నెమ్మదిగా నడుస్తున్నావు."

నడకమ్మ లేచి నిలబడింది. మరుక్షణం తమ్ముడి చెంప పేలిపోయింది.

"నోరు లేదురా నీకు? చెయ్యి అడ్డం పెడితే కొరకలేకపోయావా? తలుపుకి ఇవతలే ఉన్నాను కదరా! ఇవతలే! నాన్నా అని పిలుస్తున్నాను కదరా!" వాడి భుజాలు పట్టుకుని ఊపేసింది. మేస్త్రీ అడ్డం వస్తే ఆయన్నీ రెండు బాదింది. "మీరు! చెప్పులు కడిగి పెట్టారు నాకు! చెప్పులు!" ఆ తర్వాత చచ్చిపోయినాయన్ని అందుకుంది. "నీకెవడు చెప్పాడు నాన్నా, నువ్వెవడివి నా నోరు మూయడానికి, ముసలి మొండి పీనుగా, ఒక్క పిలుపు పిలిస్తే నీ సొమ్మేం పోయింది!" ఏళ్ళ తిట్లు ఒక్కసారిగా బయటికి వచ్చాయి. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు. తిడుతూ తిడుతూ ఉండగానే గొంతు విరిగింది. కాళ్ళు వదిలేసి గచ్చు మీద కూలబడి, తమ్ముణ్ణి లాక్కుని, నాన్నా నాన్నా అని గుండెలవిసేలా ఏడ్చింది.

ఫోన్ మోగింది. మేస్త్రీ తీశాడు.

"ఏమైందండీ అక్కడ?" ఇంజనీరమ్మ అడిగింది. "ఇక్కడ గుండె ఎగిరెగిరి పడుతోంది. అక్క బాగానే ఉన్నారా?"

"ఏం లేదమ్మా, అంతా బాగానే..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆగిపోయాడు. "లేదమ్మా. బాగా లేదు. మా మామగారు పోయారు. ఏడుస్తోంది."

"తెంపెయ్యమంటారా? చెయ్యి మీట మీదే ఉంది. ఇది ఎంతసేపు తట్టుకుంటుందో తెలియదు."

మేస్త్రీ భార్య వైపు చూశాడు. ఆమె విన్నది. తల ఎత్తకుండానే, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఎవరో తెలియని ఆ తల్లి, ఆ పిల్లలు ఆయన కళ్ళలో మెదిలారు.

"వద్దంటోందమ్మా."

అటువైపు నుంచి "ఇంకా పైకే పోతోంది," అని వినబడింది. మళ్ళీ కాసేపటికి, "ఇంకా." ఆ తర్వాత ఊపిరి కూడా వినబడలేదు. మేస్త్రీ ఫోన్ చెవికేసి నొక్కుకుని, గోడకు చేరబడి నిలబడ్డాడు. ఇక్కడ తమ్ముడూ అక్కా ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఏడుపు ఒక ఉద్ధృతి దాటి, నీరసంగా, పొడుగ్గా సాగుతోంది.

"దిగుతోందండీ," అంది ఇంజనీరమ్మ. ఆమె కూడా ఏడుస్తున్నట్టుంది. "ఆగలేదు. నెమ్మదిగా దిగుతోంది. దానికి తెలిసింది."

మేస్త్రీ ఫోన్ పెట్టేసి, వచ్చి వాళ్ళ పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. నడకమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది. ఎవరూ ఊరుకోమనలేదు.